లంచ్ బాక్స్ నిండుగా తిరిగొస్తే

సాయంత్రం నాలుగున్నరకు పాప బ్యాగులోంచి బాక్స్ తీసి సింకు దగ్గర మూత తెరిచాను. పొద్దున పెట్టిన క్యారెట్ దోసెలు రెండూ అట్లే ఉన్నాయి. ఒకదాని అంచు మాత్రం చుట్టూ కొరికి ఉంది. మూత లోపలివైపు క్యారెట్ తురుము పోగులు, ఒక్కొక్కటీ గోటితో గిల్లి తీసినట్టు, వరసగా అతికించి ఉన్నాయి. దోసె పట్టుకుంటే తోలులా సాగుతోంది. చెనిక్కాయల చట్నీ పెట్టిన చిన్న స్టీలు గిన్నె మూత అసలు తెరవనేలేదు.

"ఏమ్మా, చట్నీ కూడా ముట్టుకోలేదే?" అన్నాను. "రాలేదు" అంది. ఏం రాలేదో అర్థం కాలేదు. గిన్నె చేతికిచ్చి తెరవమన్నాను. పొట్టకు ఆనించుకుని, పళ్ళు బిగించి, రెండు చేతులతో మూత పట్టి లాగింది. మూత కదల్లేదు. చట్నీ కారి పుస్తకాలు పాడవుతాయని పొద్దున నేనే గట్టిగా అదిమిన మూత అది. ఆయమ్మను అడగడానికి సిగ్గుపడి, నెల రోజులుగా ఎండు దోసె నమలలేక వెనక్కి తెస్తూ ఉందని అప్పుడు తెలిసింది. ఆ నెల రోజులూ నేను "తిండి దగ్గర మహా మొండిది" అని అందరికీ చెబుతూ వచ్చాను.

తిరుపతిలో మా వీధి చివర స్కూలు బస్సు కోసం నిలబడే తల్లుల మాటలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి. "మావాడు పెరుగన్నం తప్ప ఇంకేదీ ముట్టడు." "మా పాపకు ఎర్రగడ్డ ముక్క కనబడితే చాలు, గిన్నె పక్కన పెట్టేస్తుంది." "రోజూ నూడుల్సే అడుగుతాడు, పెట్టకపోతే తినడు, పెడితే నాకు టెన్షన్." వినేకొద్దీ, చదివేకొద్దీ, రోజూ ఆ సింకు దగ్గర బాక్స్ తెరిచి చూసేకొద్దీ నాకొకటి స్పష్టమైంది. తినని బాక్స్‌ను మనం ఒకే సమస్యగా చూస్తున్నాం. నిజానికి అందులో నాలుగైదు సమస్యలు చిక్కుపడి ఉంటాయి. పిల్ల నోటిది ఒకటి. ఐదు గంటలు మూసిపెట్టిన తిండిది ఒకటి. లంచ్ బెల్లుది ఇంకొకటి. పక్కన కూర్చున్న పిల్లలది, సాయంత్రం మనం వేసే ప్రశ్నలది కూడా. అన్నిటికీ "మొండితనం" అని ఒకే పేరు పెట్టుకుని, మందు కూడా ఒకటే వేస్తున్నాం. అది బలవంతం.

ఇంకో పొరపాటు కూడా చేస్తున్నాం. పిల్లకు ఏ కూర అలవాటు చేయాలనుకుంటే ఆ కూరను బాక్సులో పెడుతున్నాం, ఆకలికి అదే తింటుందిలే అని. బాక్స్ కొత్త తిండి నేర్పే చోటు కాదు. అమ్మ పక్కన ఉండదు, వేడి ఉండదు, టైమ్ ఉండదు. ఆ పూట పిల్ల కడుపు నిండడమే బాక్స్ పని. నేర్పడానికి ఇంట్లో కంచం ఉంది.

నోటి సంగతి

రెండేళ్ళు దాటినప్పటి నుంచి ఆరేళ్ళ దాకా పిల్లల్లో కొత్త తిండి అంటే బెదురు ఎక్కువగా ఉంటుంది. శాస్త్రవేత్తలు దీన్ని ఫుడ్ నియోఫోబియా అంటారు. ఏడాది వయసులో ఏది పెట్టినా నోరు తెరిచిన పిల్లే మూడో ఏట పెదవులు బిగిస్తుంది. దీనికి వాళ్ళు చెప్పే కారణం నాకు సబబుగా అనిపిస్తుంది. పిల్లకు నడక వచ్చి, తల్లి చూపు దాటి తిరగడం మొదలయ్యే వయసు అది. మనుషులు అడవుల్లో బతికిన కాలంలో కనబడిన ఆకూ కాయా నోట్లో పెట్టుకున్న బిడ్డకంటే, తెలియనిదాన్ని ఉమ్మేసిన బిడ్డకే బతికే అవకాశం ఎక్కువ. మన వంటింట్లో ఇప్పుడు విషపు కాయలు లేవు గానీ ఆ జాగ్రత్త ఇంకా పిల్లల నాలుక మీద ఉంది.

ఆ బెదురు అందరికీ ఒకేలా ఉండదు. 2007లో బ్రిటన్‌లో వేలాది కవల పిల్లల మీద చేసిన అధ్యయనంలో, ఒకరికి ఎక్కువ ఒకరికి తక్కువ ఉండే ఈ తేడాలో సుమారు 78 శాతం జన్యువుల వల్లేనని తేలింది. "నువ్వు సరిగ్గా అలవాటు చేయలేదు" అని అత్తింట్లో మాటలు పడే తల్లులకు ఈ అంకె గుర్తుండాలి.

రుచి విషయంలోనూ అంతే. 1931లో అమెరికాలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక పొడిని సీసాలో పోస్తుంటే కొంచెం గాల్లోకి లేచింది. పక్కనున్న సహోద్యోగి నోరంతా చేదు అన్నాడు. అదే గాలి పీల్చిన ఫాక్స్‌కు ఏ రుచీ తెలియలేదు. చేదు కొందరికి తెలిసి, కొందరికి తెలియకపోవడం పుట్టుకతో వచ్చేదని అట్లా బయటపడింది. క్యాబేజీ, కాలీఫ్లవర్ లాంటి వాటిలోని చేదును పట్టే నాలుక ఒక బిడ్డకు ఉంటుంది, అదే ఇంట్లో రెండో బిడ్డకు ఉండకపోవచ్చు. పైగా మామూలుగానే పిల్లలకు చేదు పెద్దలకంటే గట్టిగా తెలుస్తుంది, తీపి మీద మోజూ ఎక్కువే. మా ఇంట్లో చిన్నోడు క్యాబేజీ పొరియల్ వట్టిదే తింటాడు. పాప ఆ వాసనకే లేచిపోతుంది. చేసిన చెయ్యి ఒకటే, బాణలి ఒకటే.

మరి పుట్టుకతో వచ్చింది కాబట్టి వదిలేయాలా? వదలక్కర్లేదు. ఒకే పదార్థాన్ని మళ్ళీ మళ్ళీ, బలవంతం లేకుండా చూపిస్తూ, రుచి చూడనిస్తూ ఉంటే ఎనిమిది నుంచి పదిహేను సార్లకు చాలామంది పిల్లలు ఒప్పుకుంటారని అధ్యయనాలు చెబుతున్నాయి. చాలామంది తల్లిదండ్రులు మూడు నుంచి ఐదు సార్లకే "వీడికి ఇది పడదు" అని తేల్చేస్తారు. మధ్యలో మిగిలిన ఆ పది సార్లలోనే అసలు పని ఉంది. ఆ పది సార్లు బాక్సులో జరగవు. రాత్రి అన్నం దగ్గర జరుగుతాయి. మేము బీన్స్‌తో మొదలుపెట్టాం. రాత్రి కంచంలో ఒక మూలన రెండే రెండు ముక్కలు. "తిను" అనం. వాళ్ళ నాన్న కంచంలో, నా కంచంలో అదే కూర. మొదటి వారం తీసి నా కంచంలో వేసింది. తర్వాత వేలితో నొక్కి చూసింది. ఒక రాత్రి కొరికి ఉమ్మేసింది. ఉమ్మేసినా లెక్కలో పడిందనే అనుకున్నాను, నోటిదాకా వెళ్ళింది కదా.

కూరగాయల్ని రుబ్బి పిండిలో కలిపి, కనబడకుండా పెట్టే పద్ధతి చాలామంది చెబుతారు. పాలకూర రసంతో చపాతీ పిండి కలపడంలో తప్పేం లేదు. అయితే "ఇందులో ఏం లేదు" అని అబద్ధం చెప్పి పెట్టడం నాకు నచ్చదు. ఒకసారి పట్టుబడితే పిల్ల ఆ తర్వాత ఉత్త చపాతీని కూడా అనుమానంగా విప్పి చూస్తుంది. పైగా దాచిన క్యారెట్‌తో పిల్ల నాలుకకు క్యారెట్ పరిచయం కాదు.

ఐదు గంటల తర్వాత

మనం బాక్స్ కట్టేది ఏడు గంటలకు. పిల్ల తెరిచేది పన్నెండున్నరకు. పొద్దున మనం రుచి చూసిన తిండి వేరు, మధ్యాహ్నం పిల్ల నోట్లోకి వెళ్ళే తిండి వేరు. ఇది తెలుసుకోవాలంటే ఒక పని చేయండి. పిల్ల బాక్సులో పెట్టిందే ఇంకో చిన్న బాక్సులో పెట్టి, మూత బిగించి, పన్నెండున్నరకు మీరు తినండి. నేను మూడు రోజులు తిన్నాను. మూడో రోజుకు పాప మీద కోపం పోయింది.

దోసె ఎందుకు తోలవుతుంది? ఉడికిన పిండిపదార్థం చల్లారేకొద్దీ లోపలి పోగులు మళ్ళీ దగ్గరకు చేరి బిగుసుకుంటాయి, పట్టుకున్న నీటిని వదిలేస్తాయి. అన్నం బిరుసెక్కేదీ, చపాతీ గట్టిపడేదీ ఇందుకే. దోసెకు ఇంకో కష్టం కూడా ఉంది. పెనం మీంచి తీసి వేడివేడిగా మూత పెడితే ఆవిరి మూతకు తగిలి నీటిబొట్లై కిందికి కారుతుంది. కరకరలాడే అంచు తడిసి, ఆరి, సాగుతుంది. పూరీ, ఉర్లగడ్డ వేపుడు గతి కూడా ఇదే. కాబట్టి ఏది కట్టినా వెడల్పు పళ్ళెంలో పది నిమిషాలు ఆవిరి పోనిచ్చి కట్టాలి. ఇంట్లో కరకరగా తినే పిల్లకు బాక్సులో మెత్తటి దోసె పెడితే ఆ పిల్లకు అది తనకు తెలిసిన దోసె కాదు, ఇంకేదో కొత్త వస్తువు.

పప్పన్నం కూడా ఇట్లే మోసం చేస్తుంది. పొద్దున సరిగ్గా కలిపినట్టుంటుంది. మధ్యాహ్నానికి అన్నం పప్పులోని తేమంతా పీల్చేసి గడ్డ కడుతుంది. ఇంట్లో అయితే అమ్మ ఇంకో గరిటె పప్పుచారు పోసి, నెయ్యి వేసి, ముద్ద చేసి పెడుతుంది. బడిలో పిల్ల స్పూనుతో ఆ గడ్డను పొడుచుకుంటూ కూర్చుంటుంది. పప్పన్నం కట్టేటట్టయితే పొద్దున "ఇదేంటి ఇంత జారుగా ఉంది" అనిపించేలా కలపాలి.

మన ఊళ్ళో దీనికి పరిష్కారాలు ఎప్పటినుంచో ఉన్నాయి. తిరుమల కొండ మీది ప్రసాదాల్లో పులిహోర, దద్దోజనం ఉంటాయి. ఇవే దారి తిండిగా కట్టుకునేందుకు కూడా పనికొస్తాయి. పులిహోరలో చింతపండు పులుపు బ్యాక్టీరియాను త్వరగా పెరగనివ్వదు. నూనె మెతుకుకు మెతుకును అంటుకోనివ్వదు, తడి ఆరనివ్వదు. చల్లారినా రుచి తగ్గదు, ఇంకాస్త పడుతుంది. నిమ్మకాయ చిత్రాన్నానికీ అదే గుణం, ఒక జాగ్రత్తతో. నిమ్మరసం పొయ్యి మీద ఉండగా పిండితే చేదు వస్తుంది, పెద్దలకు తెలియనంత చేదు కూడా పిల్లలకు తెలుస్తుంది. దించి, కాస్త ఆరాక పిండాలి. అట్లా పిండితే అందులోని విటమిన్ సి కూడా ఎక్కువగా మిగులుతుంది. అన్నంలో, చెనిక్కాయల్లో ఉన్న ఇనుము ఒంటికి పట్టడానికి అది సాయం చేస్తుంది.

పెరుగన్నం కట్టడంలో మా అవ్వ పద్ధతే నాకు ఇప్పటికీ పనికొస్తోంది. మెత్తగా వండిన అన్నాన్ని వేడి మీదే మెదిపి, గోరువెచ్చగా అయ్యాక ఎక్కువగా కాచిన పాలు పోసి, పెరుగు ఒక్క చెంచా మాత్రం వేయాలి. గిన్నెలో చూస్తే పాలన్నంలా ఉంటుంది. మధ్యాహ్నానికి బాక్సులోనే తోడుకుని కమ్మగా అవుతుంది. పొద్దునే పెరుగంతా పోసి కలిపితే పన్నెండున్నరకు పుల్లబడి, బిగిసి ఉంటుంది. "పెరుగన్నం తినడం మానేశాడు" అనే ఇళ్ళల్లో చాలాసార్లు జరిగింది ఇదే. వేడి నిలిపే హాట్‌ప్యాక్ బాక్సులో మాత్రం పెరుగన్నం పెట్టకండి. పెరుగు తోడుకునే బ్యాక్టీరియాకు నలభై డిగ్రీల చుట్టూ ఉండే ఆ వెచ్చదనమే బాగా ఇష్టం, ఐదు గంటల్లో నోట పెట్టలేనంత పుల్లగా చేస్తాయి.

ఇడ్లీ దోసెకంటే మేలు, లోపల తేమ ఎక్కువ కాబట్టి. వేడి మీదే కారప్పొడి, నువ్వుల నూనె పట్టించి ముక్కలుగా కోసి పెడితే ఎండిపోదు, చట్నీ గిన్నె అవసరమూ ఉండదు. గుడ్డు మీ బడిలో ఒప్పుకుంటే పొరటు చేసి చపాతీలో చుట్టడం నయం. ఎక్కువసేపు ఉడికించిన గుడ్డులోంచి గంధకపు వాసన వస్తుంది, మూసిన బాక్సులో అది ఇంకా గట్టిపడుతుంది. మూత తీయగానే పక్కవాళ్ళు ముక్కు మూసుకుంటే ఆ పిల్ల ఇంక గుడ్డు అడగదు. రాగి సంగటి మన జిల్లా తిండే అయినా అది కుండ దించగానే చేత్తో తినాల్సింది, బాక్సుకు సరిపడదు. రాగిని దోసె పిండిలో కలిపో, బెల్లంతో ఉండలు చేసో పంపాలి. వంద గ్రాముల రాగిపిండిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అంత పాలలో ఉండేదానికి దాదాపు మూడింతలు. దోసె పిండిలో రాగి కలిపేటప్పుడు మొదట నాలుగో వంతు చాలు. రంగు ఒక్కసారిగా మారితే పిల్ల కంటికి అది కొత్త తిండే.

ఇక్కడే ఒక హెచ్చరిక. రాత్రి మిగిలిన అన్నాన్ని వంటింటి గట్టు మీదే ఉంచి, పొద్దున తిరగమాత పెట్టి చిత్రాన్నం చేసి బాక్సులో కట్టడం మన ఇళ్ళల్లో మామూలే. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి, ఉడికించినా చావవు. గోరువెచ్చగా, తడిగా ఉన్న అన్నంలో అవి మొలిచి పెరుగుతాయి. వాటిలో ఒక రకం వదిలే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. వాంతులు, విరేచనాలు అందుకే. ఎండాకాలం మన తిరుపతిలో నలభై డిగ్రీలు దాటుతుంది, రాత్రి వంటింట్లో కూడా ఆ వేడి పూర్తిగా తగ్గదు. మిగిలిన అన్నం వాడాలంటే వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున బాగా వేడి చేసి వాడండి. పిల్ల బాక్సుకు మాత్రం పొద్దున వండిన అన్నమే మంచిదని నా అభిప్రాయం. మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు కాబట్టి ఆ నెలన్నర తప్పించుకుంటాం, జూన్‌లో బడులు తెరిచేనాటికీ ఎండ తగ్గి ఉండదు.

లంచ్ బెల్లు

బెల్లు కొట్టాక చేతులు కడుక్కుని, చాప మీద చోటు చూసుకుని, బ్యాగు జిప్పు తీసి, బాక్స్ తెరిచేసరికి ఐదారు నిమిషాలు పోతాయి. ఆటకు పిలిచే స్నేహితులు ఒకవైపు. మిగిలేది ఇరవై నిమిషాలు. అమెరికాలో హార్వర్డ్ పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో, కూర్చుని తినడానికి ఇరవై నిమిషాలకంటే తక్కువ దొరికిన పిల్లలు, ఇరవై ఐదు నిమిషాలు దొరికినవాళ్ళకంటే ప్రధాన వంటకాన్ని 13 శాతం, కూరగాయల్ని 12 శాతం తక్కువ తిన్నారు. టైమ్ చాలనప్పుడు పిల్ల మొదట వదిలేది నమలడానికి కష్టమైనదాన్ని.

అందుకే బాక్స్ కొనేటప్పుడు రంగూ బొమ్మా కాదు, పిల్ల చేతికిచ్చి మూత తీయించి చూడాలి. మూత తీయగలదా, మళ్ళీ పెట్టగలదా, చట్నీ గిన్నె తెరవగలదా. బత్తాయి పెడితే తొనలు విడదీసి పెట్టాలి. నాలుగైదేళ్ళ లోపు పిల్లలకు చెనిక్కాయ గింజలు అట్లే పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. చిత్రాన్నంలో పొడి చేసి వేయాలి. ద్రాక్షపండ్లు నిలువునా చీల్చాలి. ఇక ఎంత పెట్టాలన్నది. మనం పెద్దల ఆకలి కొలతతో నింపుతాం. నిండుగా ఉన్న బాక్స్ చూడగానే కొందరు పిల్లలకు ఆకలే పోతుంది. సగం పెట్టి ఖాళీ బాక్స్ తెచ్చుకోవడం నయం. ఖాళీ చేశానన్న సంతోషం ఆ పిల్ల ముఖంలో మీకే కనబడుతుంది. పదిన్నర ఇంటర్వెల్‌లో ఏం తిన్నదో కూడా చూసుకోవాలి. క్రీమ్ బిస్కెట్లు, చిప్స్ ప్యాకెట్టు అప్పుడు తిన్న పిల్లకు పన్నెండున్నరకు ఆకలి ఎక్కడిది? కొవ్వు, చక్కెర, ఉప్పు మితిమీరిన తినుబండారాలను బడి ఆవరణలో, గేటు నుంచి 50 మీటర్ల లోపు అమ్మకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లో నిబంధన తెచ్చింది. చాలా బడుల ముందు దుకాణాలు చూస్తే ఆ నిబంధన ఉన్నట్టే తెలియదు. తల్లిదండ్రుల మీటింగులో మనమే అడగాలి.

పక్కన కూర్చున్న పిల్లల ప్రభావం మనం అనుకునేదానికంటే ఎక్కువ. పిల్లల తిండి అలవాట్ల మీద జీవితాంతం పరిశోధన చేసిన లియన్ బర్చ్ 1980లో చిన్న పిల్లలతో ఒక ప్రయోగం చేసింది. ఒక కూరగాయ ఇష్టపడే పిల్లను, ఇంకో కూరగాయ ఇష్టపడే ముగ్గురు నలుగురి మధ్య భోజనానికి కూర్చోబెట్టింది. నాలుగు రోజుల్లో చాలామంది పక్కవాళ్ళు తినేదాన్ని ఎంచుకోవడం మొదలుపెట్టారు. ప్రభుత్వ బడుల్లో డొక్కా సీతమ్మ పేరిట పెట్టే మధ్యాహ్న భోజనంలో పిల్లలంతా పక్కపక్కనే కూర్చుని ఒకే తిండి వేడిగా తింటారు. ఇంట్లో గుడ్డు ముట్టని పిల్లలు అక్కడ తింటున్నారని టీచర్లు చెబితే నాకు ఆశ్చర్యం అనిపించలేదు. ప్రైవేటు బడిలో ఆ అవకాశం లేదు, కానీ మా బస్సు దగ్గరి తల్లులం నలుగురం కలిసి బుధవారం అందరం పులిహోరే కట్టాలని మాట్లాడుకున్నాం. బుధవారాలు మా నాలుగు బాక్సులూ ఖాళీగానే వస్తున్నాయి.

గేటు దగ్గర మొదటి ప్రశ్న

బస్సు దిగీ దిగగానే "బాక్స్ అయిపోయిందా?" అని అడుగుతాం. ఎట్లున్నావు, ఏం ఆడావు అన్నది తర్వాత. పిల్లకు అది పరీక్ష మార్కులు అడిగినట్టే. 2006లో అమెరికాలో ప్రీస్కూలు పిల్లలకు రెండు రకాల సూప్ ఇచ్చి చూశారు. ఒకటి ఇచ్చేటప్పుడు "సూప్ తాగేయి" అని ఊరికే గుర్తుచేస్తూ ఉన్నారు, రెండోదానికి ఏమీ అనలేదు. ఏమీ అననిదాన్నే పిల్లలు ఎక్కువ తాగారు. గుర్తుచేసినదాని మీద "యాక్" లాంటి మాటలు చాలా ఎక్కువ వచ్చాయి. అక్కడ అన్నది కొట్టడం, తిట్టడం కాదు, మామూలు మాటే. మనం అనేవి అంతకంటే గట్టివి కదా.

లంచం కూడా ఎదురు తిరుగుతుంది. "అన్నం తింటే చాక్లెట్" అన్నప్పుడు పిల్లకు అర్థమయ్యేది, అన్నం ఒక శిక్ష, చాక్లెట్ దాన్ని దాటితే దొరికే బహుమతి అని. ఇదే బర్చ్ 1984లో తన సహచరులతో కలిసి ఒక పాల పానీయంతో దీన్ని పరీక్షించింది. తాగినందుకు బహుమతి పొందిన పిల్లలకు తర్వాత ఆ పానీయం మీద ఇష్టం తగ్గింది.

అమెరికన్ పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ చెప్పిన పని విభజన నాకు చాలా ఉపయోగపడింది. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నది పెద్దల పని. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లల పని. మొదట విన్నప్పుడు ఒప్పుకోలేకపోయాను. మన ఇళ్ళల్లో గోరుముద్దలు పెట్టి, చందమామను చూపించి తినిపించడం ప్రేమ. మా అత్తమ్మ ఇప్పటికీ పాప వెనకాల కంచం పట్టుకుని మిద్దె మీదికి వెళ్తుంది. అందులో ఉన్న ప్రేమను నేను తక్కువ చేయను. కానీ రెండో తరగతి పిల్ల బడిలో ఒంటరిగా బాక్స్ ముందు కూర్చుంటుంది, అక్కడ చందమామ ఉండదు. ఇంట్లో రాత్రి పూట అయినా తన చేత్తో, తన ఆకలి కొద్దీ తినడం అలవాటు లేని పిల్ల మధ్యాహ్నం హఠాత్తుగా ఎట్లా తింటుంది? అత్తమ్మతో నెమ్మదిగా మాట్లాడాను. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం ముద్దలు ఆమెవి, మిగతా పూటలు పాపవి.

శాటర్ మాటను బాక్సుకు అన్వయిస్తే, నేను రెండు వంటకాలు చెబుతాను, పాప ఒకటి ఎంచుకుంటుంది. "ఏం కావాలి?" అని అడిగితే నూడుల్స్ అనే అంటుంది. "చిత్రాన్నమా, ఇడ్లీనా?" అంటే రెండింట్లో ఒకటి చెబుతుంది. ఏది కట్టినా అందులో పాప తప్పకుండా తినేది ఒకటి ఉంటుంది, కనీసం అరటిపండో, నిప్పట్లు రెండో. అన్నీ నచ్చనివే అయిన రోజు పిల్ల ఆకలితో ఉండకూడదు.

సరిపోతుందా అన్న బెంగ

మన భయం అంతా దీని గురించే. బాక్స్ సగం తిరిగొచ్చిన రోజు పిల్లకు బలం ఎట్లా వస్తుందని. బర్చ్ బృందమే 1991లో ఇంకో సంగతి చూపించింది. రెండు నుంచి ఐదేళ్ళ పిల్లలు ఒక పూట తిన్నదానికీ ఇంకో పూట తిన్నదానికీ చాలా తేడా ఉంది, అదే రోజు మొత్తం కూడితే రోజుకూ రోజుకూ తేడా చాలా తక్కువ. ఒక పూట తగ్గిస్తే తర్వాతి పూట ఒళ్ళే సరిచేసుకుంటుంది. కాబట్టి ఒక బాక్స్ చూసి కాదు, వారం చూసి లెక్క వేసుకోవాలి.

మాంసకృత్తుల లెక్క చూడండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం ఏడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లకు రోజుకు సుమారు 23 గ్రాములు కావాలి. ఒక గ్లాసు పాలలో ఆరేడు గ్రాములు, ఒక గుడ్డులో ఆరు, గుప్పెడు చెనిక్కాయల్లో ఏడు దాకా ఉంటాయి. దానికి తోడు అన్నం, పప్పు. బాక్సులో కూర మిగిలినంత మాత్రాన పిల్ల బలహీనపడదు. అయితే పాలే ఎక్కువైపోవడమూ మంచిది కాదు. అన్నం తినలేదని రోజుకు నాలుగు గ్లాసుల పాలు పట్టిస్తే ఆ కడుపులో అన్నానికి చోటుండదు.

ఇనుము విషయంలో మాత్రం బెంగ పడాల్సిందే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇనుము తగ్గితే ఆకలి కూడా తగ్గుతుంది. తినకపోవడం వల్ల ఇనుము తగ్గడం, ఇనుము తగ్గడం వల్ల తినకపోవడం, ఈ చక్రంలో పడిన పిల్లను ఎంత బతిమాలినా లాభం ఉండదు. పిల్ల బలపాలు, సుద్దముక్కలు, గోడ సున్నం తింటుంటే తిట్టకండి, రక్త పరీక్ష చేయించండి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే ఆల్బెండజోల్ నులిపురుగుల మాత్ర తప్పించవద్దు. మలబద్ధకం కూడా అడిగి తెలుసుకోండి. బడి బాత్రూముకు వెళ్ళడం ఇష్టం లేక నీళ్ళు తాగని పిల్లలు చాలామంది ఉన్నారు. మూడు రోజులుగా కడుపు ఖాళీ కాని పిల్లకు ఏ వంటకమూ రుచించదు.

బరువు పెరగకపోవడం, తగ్గడం, మింగేటప్పుడు తరచూ పొలమారడం, వాంతి రావడం, ఒకప్పుడు తిన్నవి ఒక్కొక్కటీ మానేస్తూ చివరికి నాలుగైదు రకాలకే వచ్చి ఆగిపోవడం మామూలు పేచీ కాదు. తిండిని ఇంతగా వదిలేసే స్థితికి ఏఆర్ఎఫ్ఐడీ అని వైద్యులు 2013లో ప్రత్యేకంగా పేరు పెట్టారు, చికిత్స ఉంది. కొందరు పిల్లలకు నోట్లో తగిలే మెత్తదనం, జిగట కూడా భరించలేనంతగా తెలుస్తాయి. అట్లాంటప్పుడు చుట్టాల సలహాలు పక్కన పెట్టి పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఖర్చుకు వెనకాడేవాళ్ళకు తిరుపతిలో రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల విభాగం ఉంది. వెళ్ళేటప్పుడు వారం రోజులు పిల్ల తిన్నవన్నీ ఒక కాగితం మీద రాసి తీసుకెళ్తే డాక్టరుకు మన మాటలకంటే అది ఎక్కువ చెబుతుంది.

మా ఇంట్లో బీన్స్ కథ రాత్రి కంచంలోనే రెండు నెలలు నడిచింది. దసరా సెలవుల తర్వాత పాపే చిత్రాన్నంలో వేయమంది, "చిన్నగా కొయ్యి" అని షరతు పెట్టి. ఐదు ముక్కలు వేసి పంపాను, మూత కొత్తది, తనే తీయగలిగేది. సాయంత్రం సింకు దగ్గర తెరిస్తే మూత మీద మూడు ముక్కలు వరసగా ఉన్నాయి. కడిగి బోర్లించాను. రాత్రి కంచంలో ఎప్పటిలాగే రెండు ముక్కలు పెట్టాను.